చిల్లర అంటే పెట్టీ, ఇసుమంత అంటే అయోటా

పెట్టీ, ట్రివియల్, స్లైట్, పాల్ట్రీ, నెగ్లిజిబుల్. ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు తెరిస్తే ఈ ఇంగ్లిషు మాటలన్నిటికీ ఇంచుమించు ఒకటే అర్థం కనిపిస్తుంది: అల్పమైన, స్వల్పమైన. తప్పులు అక్కడే మొదలవుతాయి. చిల్లర తగాదాను మనం స్వల్ప తగాదా అనం. స్వల్ప అస్వస్థతను చిల్లర అస్వస్థత అంటే నవ్వుతారు. ఇంగ్లిషులోనూ అంతే. అందుకే 'అల్పమైన'ను పక్కన పెట్టి, ఆ చోట తెలుగులో ఏ మాట పలుకుతుందో ముందు చూసుకోవాలి.

పెట్టీకి సరైన జోడీ చిల్లర. పెట్టీ క్యాష్ చిల్లర ఖర్చుల డబ్బు, పెట్టీ థీఫ్ చిల్లర దొంగ. మనిషిని పెట్టీ అంటే చిల్లర బుద్ధి అని తిట్టినట్టే. పుట్టుకలో మాత్రం ఈ మాటకు పాపం తెలియదు, ఫ్రెంచిలో 'చిన్న' అని చెప్పే మాట నుంచి వచ్చింది. నౌకాదళంలో పెట్టీ ఆఫీసర్ అన్నప్పుడు ఆ పాత అర్థమే, చిన్నచూపు లేదు.

స్లైట్‌కు స్వల్పం సరిపోతుంది: స్లైట్ డిలే, స్లైట్ ఫీవర్. మైనర్ అలా కాదు, దాని వెనక మేజర్ ఒకటి నిలబడి ఉంటుంది. పెద్దది కూడా ఉండే వరుసలో ఇది చిన్నది అని దాని భావం. అందుకే మైనర్ సర్జరీ అంటారు గానీ స్లైట్ సర్జరీ అనరు.

ట్రివియల్‌తో జాగ్రత్త. లాటిన్‌లో మూడు దారులు కలిసే చోటు ట్రివియం. అక్కడ ఎవరికైనా దొరికే మామూలు సరుకు అన్న భావన ఈ మాటలో ఉంది. గణితంలో ట్రివియల్ సొల్యూషన్ అంటే చూడగానే తేలిపోయే జవాబు, చాలాసార్లు అన్నీ సున్నాలే. అక్కడ ఎవరూ నొచ్చుకోరు. ఎదుటివాళ్ల కష్టాన్ని ట్రివియల్ అంటే మాత్రం 'ఇదీ ఒక బాధేనా' అన్నట్టు తగులుతుంది. ఓదార్చాలనుకుంటే ఆ మాట జోలికి వెళ్లొద్దు.

కొద్దిపాటి మొత్తాల దగ్గర మాట్లాడేవాడి కోపమంతా విశేషణంలోనే ఉంటుంది. మీగర్ అంటే అరకొర: బక్కచిక్కిన రాబడి మీద జాలి. మీజ్లీ అంటే ముష్టి: 'ముష్టి పది మార్కులు' అన్నప్పుడు పలికే విసురు. ఇది మీజిల్స్ జబ్బు నుంచి వచ్చిన మాట, మర్యాద ఎలా ఉంటుంది! నామినల్ అచ్చంగా నామమాత్రం, రెండింట్లోనూ ఉన్నది 'పేరే'. కానీ రాకెట్ ప్రయోగంలో 'నామినల్' వినబడితే నామమాత్రంగా పనిచేస్తోందని అనువదించకండి. అనుకున్నట్టే సాగుతోందని శుభవార్త అది.

మనవాళ్లు అన్నిటికన్నా ఎక్కువ జారేది లిటిల్ దగ్గర. 'ఐ హ్యావ్ ఎ లిటిల్ టైమ్' అంటే కాస్త తీరిక ఉంది, కూర్చోండి. 'ఐ హ్యావ్ లిటిల్ టైమ్' అంటే తీరిక లేదు, వెళ్లండి. తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి ఆ 'ఎ' ఇట్టే ఎగిరిపోతుంది, దాంతో ఆహ్వానం కాస్తా తిరస్కారం అవుతుంది. 'ఎ ఫ్యూ కేమ్' అంటే కొందరు వచ్చారు. 'ఫ్యూ కేమ్' అంటే పెద్దగా ఎవరూ రాలేదు. 'క్వైట్ ఎ ఫ్యూ' అంటే, విచిత్రంగా, చాలామందే.

మరీ చిన్నవాటికి మైన్యూట్, మినస్క్యూల్ ఉన్నాయి. మైన్యూట్ స్పెల్లింగు నిమిషానిదే (మినిట్), పలుకు వేరు. మినస్క్యూల్‌లో ఎన్ తర్వాత వచ్చేది యూ, ఐ కాదు. లోపల మైనస్ ఉందని గుర్తుంచుకుంటే చాలు.

అయోటా, జాట్, విట్ మూడూ ఎక్కువగా 'లేదు'తోనే తిరుగుతాయి, మన ఇసుమంతలా. 'ఇసుమంతైనా సందేహం లేదు' అంటాం, 'నాకు ఇసుమంత సందేహం ఉంది' అంటే చెవికి ఆనదు. 'ఉంది' అనే చోట స్మిడ్జెన్ వాడుకోవచ్చు, అది పిసరంత. అయోటా గ్రీకులో సన్నని గీతలాంటి అక్షరం, జాట్ దాని రూపమే. మత్తయి సువార్తలో ఇంగ్లిషువాళ్ల 'జాట్', 'టిటిల్' ఉన్న చోట తెలుగు బైబిల్లో 'ఒక పొల్లయినను ఒక సున్నయైనను' అని ఉంటుంది. గ్రీకు అక్షరాన్ని మోసుకురాకుండా మన లిపిలోని గుర్తులే తెచ్చిపెట్టారు. పొల్లుపోకుండా చేసిన అనువాదం అంటే అదీ.

ఇక దేన్నైనా విలువలేనిదిగా లెక్కకట్టడానికి ఇంగ్లిషులో ఒక రాక్షసి మాట ఉంది: ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్. 29 అక్షరాలు. 1741 నాటి ఒక ఉత్తరంలో విలియం షెన్‌స్టన్ అనే కవి వాడాడు. లాటిన్‌లో ఉన్నిపోగు, వెంట్రుక లాంటి విలువలేని వాటి పేర్లు వరసగా గుచ్చి కట్టిన దండ అది. మనం ఒక్క గడ్డిపోచతో సరిపెట్టుకున్నాం: తృణీకరణ, ఐదే అక్షరాలు. దాన్ని ఇంగ్లిషులో చెప్పాల్సి వస్తే మాత్రం డిస్‌డెయిన్ చాలు.