నోటీసు గడువు దాటాక వచ్చిన బాడుగ

తిరుపతి కొర్లగుంటలో మా అమ్మ పేరు మీద చిన్న ఇల్లుంది, మేముండేది చిత్తూరులో. పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, మళ్లీ రాసుకోకుండానే బాడుగ నడుస్తా ఉండింది, మా వైపు సగం ఇళ్లు ఇంతే. అమ్మను తరచూ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపించాల్సి రావడంతో ఇల్లు మాకే కావాల్సొచ్చింది. ఖాళీ చేయమని నోటితో అడిగిన ప్రతిసారీ బాడుగకున్నవాళ్లు "అట్నే అక్కా, చూస్తా ఉండాం" అనేవాళ్లు.

ఇక లాయర్ దగ్గరికి పోయాం. ఇలా కొనసాగేది నెలవారీ బాడుగ కిందికి వస్తుందని, వేరే గడువు రాసుకోకపోతే 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం కనీసం 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆయన చెప్పారు. పిల్లలున్న ఇల్లు కదా అని మేం నెల ఇచ్చాం. పోస్టులో పంపి, అందినట్టు రుజువు దాచుకున్నాం.

గడువు దాటింది, కదల్లేదు. పైగా ఒకటో తారీకు పొద్దున్నే ఫోన్‌పేలో బాడుగ వచ్చి పడింది! వచ్చిన డబ్బు ఎందుకు కాదనాలి అని అమ్మ, వెంటనే వెనక్కి పంపమని లాయర్. గడువు తర్వాతి బాడుగను మామూలుగా తీసుకుంటే నోటీసును మనమే వదులుకున్నట్టు అవుతుందట, అదే చట్టం 113వ సెక్షన్‌లో ఉదాహరణగా రాసిందే ఇది. తీసుకోక తప్పకపోతే అది బాడుగ కాదు, ఖాళీ చేయకుండా ఉన్నందుకు పరిహారం అని రాసి మరీ తీసుకోవాలన్నారు. వెనక్కి వేసి, ఎందుకు వేశామో మెసేజ్ పెట్టాను. అప్పటి నుంచి వాళ్ల మాటతీరే మారింది.

మా బావ సలహా వేరు: "మోటారు ఆపెయ్, నీళ్లు లేకపోతే వాళ్లే పోతారు." వద్దన్నాను. కోర్టు ఆర్డరు లేకుండా బలవంతంగా బయటికి పంపితే, ఇల్లు మనదే అయినా సరే, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి వాళ్లు మళ్లీ లోపలికి రావచ్చు.

చివరికి కూర్చుని మాట్లాడితే తేలింది, పాపకు పదో తరగతి పరీక్షలు. ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదా! పరీక్షలు అయ్యేదాకా ఉండేట్టు, తాళాలిచ్చిన రోజే కరెంటు బిల్లు పోను అడ్వాన్స్ తిరిగిచ్చేట్టు కాగితం రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. అన్న తేదీకే తాళాలిచ్చారు. గోడలకు కొట్టిన మేకుల గురించి అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.