పెంచిన ఊరు, కన్న తల్లి

ఇంగ్లండ్‌లోని వించెస్టర్ కెథీడ్రల్ అనే పెద్ద చర్చిలో పాత రాజుల ఎముకలు దాచిన చెక్క పెట్టెలున్నాయి. ఒకదాని మీద ఎమ్మా రాణి పేరుంది. మా అమ్మాయి స్కూల్ పాఠంలో ఆమె గురించి చదివినప్పటి నుంచి ఆ కథ నన్ను వదలడం లేదు.

ఎమ్మా ఇప్పటి ఫ్రాన్స్‌లోని నార్మండీ ఆడపడుచు. 1002లో ఇంగ్లండ్ రాజు ఎథెల్‌రెడ్‌కిచ్చి పెళ్లి చేశారు. 1013లో డెన్మార్క్ రాజు స్వేన్ దండెత్తితే పిల్లలతో పుట్టింటికి చేరింది. 1016లో భర్త పోయాడు. మరుసటి ఏడు, దేశాన్ని గెలిచిన స్వేన్ కొడుకు కనూట్‌నే పెళ్లాడింది. మొదటి భర్త కొడుకులు ఎడ్వర్డ్, ఆల్ఫ్రెడ్ మాత్రం నార్మండీలో మేనమామల ఇంట పెరిగారు.

ఆమెను నేను తప్పుపట్టను. సింహాసనానికి పోటీ వచ్చే పిల్లలు ఇంగ్లండ్‌లో బతికి బట్టకట్టేవారా? కానీ ఆ కారణాలు పిల్లల మనసుకు పడతాయా?

కనూట్ పోయాక 1036లో ఇంగ్లండ్ వచ్చిన ఆల్ఫ్రెడ్‌ని పట్టుకుని కళ్లు పొడిచేశారు. ఆ గాయాలతోనే చనిపోయాడు. ఎమ్మా రాయించుకున్న చరిత్రలో ఆ పిల్లల తండ్రి పేరే లేదు. అది చదివి నాకు కడుపులో దేవినట్టయింది.

1042లో ఎడ్వర్డ్ రాజయ్యాడు. మరుసటి ఏడాదే వించెస్టర్ వెళ్లి తల్లి సొత్తంతా స్వాధీనం చేసుకున్నాడు. తనకు చేయాల్సినంత ఆమె చేయలేదన్నది అతని బాధ అని ఆనాటి వృత్తాంతం చెబుతుంది. అదే ఎడ్వర్డ్, నార్మండీ నుంచి వచ్చిన రాబర్ట్‌ని 1051లో ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ని చేశాడు. పెంచిన చోటు మీద అంత మమకారం!

ఇక్కడ ఇంగ్లండ్‌లో మనవాళ్లు చాలామంది ఇద్దరి ఉద్యోగాలు, నర్సరీ ఫీజుల టెన్షన్ తట్టుకోలేక పసివాళ్లని అమ్మమ్మ దగ్గరో నానమ్మ దగ్గరో వదిలి వస్తారు. వాళ్ల కష్టం నాకు తెలుసు. మా అత్తయ్యగారూ గుంటూరు నుంచి ఫోన్‌లో అన్నారు, "చిన్నాణ్ణి మా దగ్గర ఉంచమ్మా, తెలుగూ వస్తుంది" అని. ఆవిడ ప్రేమలో ఏ లోటూ ఉండదు. వాడు అక్కడే సంతోషంగా పెరుగుతాడు కూడా. మరి నన్ను అమ్మగా ఎప్పుడు తెలుసుకుంటాడు?

"మీరే రండి అత్తయ్యా, విజిటర్ వీసా మీద ఆరు నెలలుండొచ్చు. మీ ఒళ్లో, మా ఇంట్లోనే తెలుగు నేర్చుకుంటాడు" అన్నాను. మావయ్యగారి షుగర్ మందులు ఎన్ని నెలలకు సరిపడా తెచ్చుకోవాలో అడిగారు.