నాన్న గుండె వాల్వ్ - ఒక్క ప్రశ్నకు జవాబు దొరికేసరికి

నాన్నకు అయోర్టిక్ వాల్వ్ మార్పించి నిన్ననే ఇంటికి తీసుకొచ్చాం. ఎకో, యాంజియో, ఇన్సూరెన్స్ అప్రూవల్ అన్నీ చకచకా అయిపోయాయి. చిక్కంతా ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ పెట్టే సంతకాల దగ్గరే వచ్చింది.

లోహపు వాల్వ్ అయితే జీవితాంతం రక్తం పల్చబడే మాత్రలు, రక్తం ఎంతసేపటికి గడ్డకడుతోందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలు తప్పవు. ఆవు గుండె చుట్టూ ఉండే పొరతో చేసిందైతే ఆ బాధ లేదు గానీ 10-15 ఏళ్లకు పాడవుతుంది. నాన్న వయసుకు రెండోదే మంచిదన్నారు. "పశువు నుంచి వైరస్ ఏమైనా వస్తుందా?" అని అడిగాను. ఆసుపత్రి కౌన్సెలర్ ఫైలు టప్పున మూసేసి, "ఆవుదని పట్టింపా? పోనీ, పందిది పెట్టించుకోండి" అన్నాడు, పక్క కుర్చీల్లో వాళ్లంతా వింటుండగా. పట్టింపు మాట నేనెత్తనే లేదు. మళ్లీ అడిగితే, "యూట్యూబ్ చూసొచ్చి మా ప్రాణాలు తీస్తారు" అన్నాడు. ప్రశ్నలడగమని బడిపిల్లలకు జీవితమంతా చెప్పిన మా నాన్న తల దించుకుని, "సంతకం పెట్టేద్దాం రా" అన్నారు. అది చూసి నా కడుపు రగిలిపోయింది.

ఊరికే అడిగానా? 2022లో అమెరికాలోని మేరీలాండ్‌లో డేవిడ్ బెనెట్ అనే రోగికి పంది గుండె పెడితే, దాంతోపాటు పందుల సైటోమెగాలో వైరస్ కూడా వచ్చింది. ముందు చేసిన పరీక్షలకు అది చిక్కలేదు. ఆయన రెండు నెలలకు చనిపోయాడు. 1950ల్లో కోతి కిడ్నీ కణాల్లో తయారైన పోలియో టీకాల్లోనూ ఎస్‌వీ40 అనే కోతి వైరస్ కలిసింది. అడగడం రోగి హక్కు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పాలి గానీ, నలుగురిలో పరువు తీయడమేంటి?

సంతకం పెట్టకుండా సర్జన్ కోసం కూర్చున్నాను. రౌండ్స్ అయ్యాక ఆయన నిలబడే ఓపిగ్గా చెప్పారు. బెనెట్‌కు పెట్టింది ప్రాణమున్న గుండె. వైరస్ పెరగాలంటే బతికున్న కణం కావాలి. నాన్నకు పెట్టే పొరను తోలు పదును చేసినట్టు గ్లుటరాల్డిహైడ్ అనే రసాయన మందులో నానబెడతారు. అందులో బతికున్న కణమే మిగలదు. పశువుల మెదడును దెబ్బతీసే మ్యాడ్ కౌ జబ్బును కలిగించే ప్రోటీన్ మాత్రం ఆ మందుకు లొంగదు, అందుకే ఆ జబ్బు లేని మందల నుంచే పొర తీసుకుంటారు. అప్పుడు పెట్టాను సంతకం.

మీరూ కౌన్సెలర్‌తో వాదించకండి, సర్జన్‌నే పట్టుకోండి. వాల్వ్ నంబరున్న కార్డు అడిగి మరీ తీసుకోండి. ఇకపై పన్ను పీకించాలన్నా ముందు గుండె డాక్టర్‌ను అడిగి యాంటీబయాటిక్ వేసుకోవాలి, నోట్లోని బ్యాక్టీరియా కొత్త వాల్వ్‌కు పట్టే ప్రమాదముంది. ఈ సంగతి కౌన్సెలర్ చెప్పనే లేదు, డిశ్చార్జ్ రోజు వార్డు సిస్టర్ చెప్పింది.