రాత్రి 11 గంటల ఉమ్మి

దేవరకొండలో పన్నెండేళ్ళుగా బట్టలు కుడుతున్నాను. నా జాకెట్లు నేనే కుట్టుకుంటాను కాబట్టి నా కొలతలు కూడా పుస్తకంలో రాసి ఉంటాయి. ఏడాదిన్నరలో నడుము 32 నుంచి 39కి వచ్చింది. చేతి చుట్టుకొలత మాత్రం అంగుళం తగ్గింది. మనిషి లావెక్కితే చేతులూ లావెక్కాలి కదా! ఈ లెక్క నాకు కుదరలేదు.

మొదట చూపించుకున్న డాక్టరుకు ఇదే చెప్పాను. ఆయన కొలతల పుస్తకం వైపు చూడనే లేదు. అన్నం తగ్గించి పొద్దున్నే నడవమన్నారు. నడిచాను. అప్పటికి నాకు 36 ఏళ్ళు, బీపీ, షుగరు రెండూ వచ్చాయి. ముఖం గుండ్రంగా ఉబ్బి ఎర్రబడింది. కడుపు మీద వంకాయ రంగు చారలు లేచాయి. మిషన్ బల్ల కొద్దిగా తగిలినా ఒళ్ళు కమిలిపోయేది. కింద కూర్చుని గుడ్డ కత్తిరిస్తే గోడ పట్టుకోకుండా లేవలేకపోయేదాన్ని.

"తింటే లావైతరు గానీ, గిట్ల తొడలల్ల బలం పోతదా బిడ్డా? హైదరాబాద్‌ల సూపిచ్చుకో" అని మా అత్తమ్మే పట్టుబట్టింది. ఆ మాటకు ఆమెకు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

హైదరాబాద్‌లో హార్మోన్ల డాక్టరమ్మ పుస్తకం తీసుకుని పేజీలు తిరగేసింది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది. లేవలేకపోయాను. నొప్పులకు సూదులు వేయించుకున్నారా, ముఖం తెల్లబడే క్రీములు రాశారా, పేరు తెలియని నాటు పొడులు వాడారా అని ఒక్కొక్కటీ అడిగింది. స్టెరాయిడ్ మందు ఎక్కువైనా ఒళ్ళు ఇలాగే మారుతుందట. ఏవీ వాడలేదన్నాను. అప్పుడు కుషింగ్స్ అనే జబ్బు పేరు మొదటిసారి విన్నాను.

మన ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోతుంది. ఈ జబ్బులో అది అతిగా తయారై రాత్రి కూడా తగ్గదు. కాబట్టి రాత్రే కొలవాలి. రక్తం తీయాలంటే ఆసుపత్రిలో పడుకోవాలి. కొత్త చోటు, సూది భయం, ఆ టెన్షన్‌కే కార్టిసాల్ పెరగొచ్చు. రక్తంలో ప్రొటీన్‌కు అంటుకోకుండా విడిగా తిరిగే కార్టిసాల్ ఉమ్మిలోకి దిగుతుంది కాబట్టి మన ఇంట్లో, మన మంచం మీదే శాంపిల్ తీసుకోవచ్చు. ఇద్దరు చిన్నపిల్లల తల్లిని, ఈ మాట వినగానే నాకు సగం భారం దిగినట్టయింది.

మూతలున్న రెండు ప్లాస్టిక్ గొట్టాలు, జాగ్రత్తలు రాసిన ఒక కాగితం ఇచ్చారు. ఒక్కో గొట్టంలో ఒక దూది చుట్ట. రాత్రి 11 గంటలకు దాన్ని నోట్లో పెట్టుకుని రెండు నిమిషాలు మెల్లగా నమిలి, చేయి తగలకుండా మళ్ళీ గొట్టంలోకి ఉమ్మాలి. అంతకు అరగంట ముందు నుంచి ఏమీ తినకూడదు, పళ్ళు తోమకూడదు. చిగుళ్ళ నుంచి రక్తం కలిస్తే లెక్క తప్పుతుంది. ఇలా రెండు రాత్రులు.

మొదటి రాత్రి అలారం పెట్టుకుని కూర్చున్నాక, ఆ కాగితం మళ్ళీ చదువుతుంటే అతిమధురం అనే మాట కనిపించింది. దగ్గుకని వారం రోజులుగా అత్తమ్మ ఇచ్చిన అతిమధురం వేరే చప్పరిస్తున్నాను! అది ఉమ్మిలో కార్టిసాల్‌ను ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పొద్దున ఫోన్ చేస్తే, మానేసి రెండు వారాలు ఆగి తీయమన్నారు. ఈ టెస్టు చేయించుకునేవాళ్ళు ఆ కాగితాన్ని మందుచీటీ అంత శ్రద్ధగా చదవండి. పొగాకు, ఒంటికి రాసే స్టెరాయిడ్ క్రీములు కూడా లెక్క పాడుచేస్తాయి. నైట్ డ్యూటీ చేసేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి, వాళ్ళ నిద్ర వేళలు వేరు.

రెండు వారాల తర్వాత రెండు రాత్రుల గొట్టాలూ ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టాను. మా ఆయన పొద్దున మొదటి బస్సుకు మాల్, ఇబ్రహీంపట్నం ఊళ్ళ మీదుగా హైదరాబాద్ వెళ్ళి ల్యాబ్‌లో ఇచ్చి వచ్చాడు.

రెండూ ఎక్కువే వచ్చాయి. ఉమ్మి ఒక్కదానితోనే తేల్చరు. మామూలు మనుషుల్లో కార్టిసాల్‌ను తగ్గించేసే డెక్సామెథసోన్ మాత్ర 1 మిల్లీగ్రాము రాత్రి 11కి వేసి, పొద్దున 8కి రక్తం కూడా చూశారు. అదీ అదే చెప్పింది. తర్వాత ఇంకొన్ని రక్తపరీక్షలు, ఎమ్మారై. మెదడు అడుగున శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథిలో 5 మిల్లీమీటర్ల గడ్డ. కార్టిసాల్ పెరగడానికి కారణం అదే. ముక్కులోంచి ఆపరేషన్ చేసి తీశారు.

గడ్డ పోయిన మర్నాటి నుంచే లేచి తిరుగుతాననుకున్నాను. అలా జరగలేదు. ఇన్నాళ్ళు అలవాటైన హార్మోన్ ఒక్కసారి పడిపోయేసరికి కీళ్ళు పీకాయి, అన్నం సయించలేదు, ఊరికే ఏడుపొచ్చేది. ఒంటి గ్రంథులు మళ్ళీ పని అందుకునేదాకా తొమ్మిది నెలలు కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ మాత్రలు వేసుకున్నాను. అవి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని పెద్ద అక్షరాలతో రాసి మిషన్ మీద అతికించుకున్నాను. చారలు తెల్లబడ్డాయి. బీపీ మాత్ర పోయింది, షుగరు మాత్ర సగానికి దిగింది.

ఈ జబ్బు మళ్ళీ వస్తే అన్నిటికంటే ముందు రాత్రి ఉమ్మిలోనే తెలియొచ్చట. అందుకని ఏటా రెండు గొట్టాలు పంపుతున్నాను. మొన్న పంపినవి నార్మల్ వచ్చాయి. నడుము 33, చేతి కొలత మళ్ళీ పాతదే. దసరా జాకెట్లన్నీ కింద కూర్చునే కత్తిరించాను.