చింతపండు కాదు, చింతకాయ

మా ఆవిడ రియాద్ వెళ్లిన రెండో వారంలో పాప టీచర్ గారు నోట్‌బుక్‌లో చీటీ పెట్టి పంపారు. పాప మూడు రోజులుగా బావోన్ ముట్టుకోవడం లేదట, ఇంట్లో అంతా బాగానే ఉందా అని అడిగారు. బావోన్ అంటే ఫిలిప్పీన్స్‌లో ఇంటి నుంచి కట్టుకెళ్లే తిండి, మన క్యారేజీ లాంటిది. డబ్బా తెరిచి చూశాను. పొద్దున నేను సర్దింది సర్దినట్టే ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మేం ఉండేది మనీలా మహానగర ప్రాంతంలోని మరికినాలో. మాది తణుకు దగ్గర పల్లెటూరు. ఐటీ ఉద్యోగం మీద వచ్చి, ఇక్కడి అమ్మాయినే పెళ్లి చేసుకుని, పదమూడేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. ఆవిడ నర్సు. అత్తగారి ఇల్లు బాగుచేయించడానికి చేసిన అప్పు తీరాలంటే తను బయటి దేశం వెళ్లక తప్పదని ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. రెండేళ్ల కాంట్రాక్ట్. మా వీధిలో విదేశంలో పనిచేసే మనిషి లేని ఇల్లు తక్కువ, కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. కానీ ఆరేళ్ల పిల్లకు ఆ సంగతి ఏం ఓదార్పు?

అప్పటిదాకా వంట మా ఆవిడదే. నాకు వంట రాదని కాదు. అమ్మ దగ్గర నేర్చుకున్న పప్పు, పులుసు, వేపుళ్లు బాగానే చేస్తాను. ఆదివారాలు నేను వండితే ఇంట్లో అందరూ ఇష్టంగా తినేవాళ్లు. ఆ ధైర్యంతోనే, మూడు పూటలా నేనే చూసుకుంటానని ఆవిడకు మాట ఇచ్చాను. ఆదివారం తినే తిండి వేరు, రోజూ కడుపు అడిగే తిండి వేరు అని అప్పుడు ఆలోచించలేదు.

చీటీ వచ్చిన మర్నాడు పాపను పక్కన కూర్చోబెట్టుకుని ఏం కావాలో చెప్పమ్మా అన్నాను. సినిగాంగ్ అంది. వాళ్లమ్మ వారంలో రెండుసార్లు చేసేది. మాంసమో రొయ్యలో వేసి, చింత పులుపుతో కాచే చారు. పులుసే కదా అనుకున్నాను. మనవాళ్ల దుకాణంలో కొన్న చింతపండు ఉంది. పంది పక్కటెముకలు తెచ్చి, పసుపు, కారం వేసి ఉడికించి, చింతపండు రసం పోసి, మా గోదావరి అలవాటు కొద్దీ కాస్త బెల్లం వేసి, ఆవాలు మెంతులతో పోపు పెట్టాను. ఇల్లంతా ఘుమఘుమలాడింది. పాప ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని నా వైపు చూసింది. "ఇది మామా సినిగాంగ్ కాదు నాన్నా" అని ఏడవడం మొదలుపెట్టింది. మామా అంటే ఇక్కడ అమ్మ. పులుసు కోసం కాదని నాకు తెలుసు. రెండు వారాలుగా లోపల దాచుకున్నదంతా ఆ చెంచాతో బయటికి వచ్చింది.

మా అత్తగారు మాత్రం తన గిన్నెలోది పూర్తిగా తిన్నారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర నిలబడలేరు. మర్నాడు పొద్దున వంటింట్లో తనకో కుర్చీ వేయమన్నారు. నేను ఆవిడను నానాయ్ అని పిలుస్తాను, అంటే అమ్మ. ఆవిడ నన్ను ఆనాక్ అంటారు, బిడ్డా అని. "ఆనాక్, పులుపు దేంతో వేశావు?" అని అడిగారు. చింతపండు పొట్లం చూపించాను. వాసన చూసి తల అడ్డంగా ఊపారు. "ఇది పండినది. మాకు కావలసింది పండనిది."

చింతకాయ! చింతకాయ పచ్చడి, చింతకాయ పప్పు తిని పెరిగిన వాణ్ణి, నాకు ఆ ముక్క తట్టలేదు.

ఆ వారమంతా నాకది బడి. మరికినా మార్కెట్‌లో పచ్చి చింతకాయలు, తూటికూర, ముల్లంగి, చేమదుంపలు, అలసంద కాయలు, పొడుగు పచ్చిమిర్చి తెచ్చాను. ఒక్కటీ మనకు తెలియనిది కాదు. తూటికూరను ఇక్కడ కాంగ్‌కోంగ్ అంటారు. మా ఊళ్లో చెరువు గట్టున పెరిగే ఆ ఆకును పరాయి దేశంలో కట్టలు కట్టి అమ్ముతుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. అత్తగారు బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పారబోయవద్దన్నారు. మనం కడుగు అంటామే, అదే. మాంసం ఆ నీళ్లలోనే ఉడకాలి. మొదట పైకి తేలిన నురగ ఓపిగ్గా తీసేయాలి. ఉల్లిపాయ, టమాటా, చేమదుంప వేస్తే దుంప కరిగి చారు కాస్త చిక్కబడుతుంది. చింతకాయలు విడిగా తోలు పగిలేదాకా ఉడికించి, మెదిపి, వడకట్టి ఉంచుకోవాలి. మాంసం మెత్తబడ్డాకే ఆ పులుపు పోయాలి. ఇది ఆవిడ గట్టి నియమం. తర్వాత ముల్లంగి, అలసంద కాయలు, ఒక పచ్చిమిర్చి నిలువునా. తూటికూర కాడలు ముందు, ఆకులు పొయ్యి ఆపాక. ఉప్పు తక్కువైతే పాతిస్, అంటే చేపలను ఊరబెట్టి తీసే ఉప్పు రసం. అంతే. పసుపు లేదు, కారం లేదు, పోపు లేదు.

నా చేయి ఊరుకునేది కాదు. ఇంకా ఏదో వేయాలనిపించేది. జీలకర్ర డబ్బా మీదికి చేయి వెళ్లినప్పుడల్లా కుర్చీలోంచి చిన్న దగ్గు వినిపించేది. మూడోసారి చేసినప్పుడు చారు తేటగా, లేత పచ్చగా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే పులుపుకు కళ్లు మూసుకుపోయాయి. పాప ఏమీ అనలేదు. గిన్నె ముందుకు తోసి, అన్నం మీద ఇంకా పోయమంది. నేను వెనక్కి తిరిగి సింకులో గిన్నెలు కడుగుతూ నిలబడ్డాను, కళ్లలో నీళ్లు అత్తగారు చూడకూడదని.

అదోబో అనే కోడి వంటకం నాకు త్వరగా వచ్చేసింది. కోడి ముక్కలు, వెనిగర్, సోయా సాస్, వెల్లుల్లి, మిరియాలు, బిరియానీ ఆకు. వెనిగర్ మరిగి ఘాటు పోయేదాకా గరిటె పెట్టకూడదు. లేదంటే పచ్చి పులుపు మిగిలిపోతుందంటారు అత్తగారు.

అన్నం దగ్గర మాత్రం నాకు ఎవరూ నేర్పాల్సిన పని రాలేదు. మొదటిరోజు గిన్నెలో వేలు ముంచి, కణుపు లెక్కన నీళ్లు కొలుస్తుంటే అత్తగారు చూసి సంతోషపడ్డారు. వాళ్లదీ అదే కొలత. ఇంగ్లీషులో అన్నిటికీ ఒకటే మాట. మనకేమో వడ్లు, బియ్యం, అన్నం, చద్దన్నం. ఇక్కడి భాష తగలోగ్‌లో పాలాయ్, బిగాస్, కానిన్, బాహావ్. అడుగంటిన మాడుకు కూడా పేరుంది, తుతోంగ్. చద్దన్నాన్ని వెల్లుల్లితో వేయిస్తే పొద్దుటి టిఫిన్ అయిపోతుంది, దాన్ని సినాంగాగ్ అంటారు. పాపకు ఈ మాటల జతలు ఆటలా నేర్పాను. నేను వడ్లు అంటే తను పాలాయ్ అనాలి. ఫోన్లో మా నాన్న అది విని, మన పొలాల్లో ఐఆర్-8 ఆ దేశం నుంచే వచ్చిందిరా అన్నారు. నిజమే. మనీలాకు దక్షిణాన ఉన్న లోస్ బాన్యోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన వంగడం అది. మా దగ్గరి ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని పండించి చూపించి, ఆ విత్తనం పేరుతోనే ప్రసిద్ధులయ్యారు. మా తాత కూడా వేశాడట. తాత పొలంలోని గింజ ఈ నేలదేనని పాపకు చెబితే, అయితే ముత్తాత కూడా మనలాంటివాడే అంది.

రియాద్‌కూ మాకూ అయిదు గంటల తేడా. ఆవిడ డ్యూటీ అయ్యేసరికి మాకు అర్ధరాత్రి. అందుకే సెలవు రోజుల్లోనే పాపతో వీడియో కాల్. మిగతా రోజుల్లో వాయిస్ మెసేజ్‌లు పంపేది. ప్రతి మెసేజ్ ఒకే మాటతో మొదలయ్యేది: "కుమాయిన్ నా కాయో?" తిన్నారా అని. మా అమ్మ ఫోన్ చేసినా మొదటి మాట అదే. పాప రోజూ ఏం తిన్నదీ వరసగా చెప్పి రికార్డు చేసేది. కొన్ని నెలలకు తన మెసేజ్‌ల్లో ఏడుపు తగ్గింది, కూరల పేర్లు పెరిగాయి.

జులైలో ఒకరోజు రాత్రంతా వాన కురిసి, పొద్దున బడికి సెలవు ఇచ్చారు. మరికినా వాళ్లకు వాన పడితే కళ్లు నది మీదే ఉంటాయి. 15 మీటర్లకు మొదటి హెచ్చరిక, 16కి రెండోది, 18కి మూడోది. 2009 సెప్టెంబర్‌లో ఓందోయ్ తుఫానుకు వరద ముంచెత్తినప్పటి నుంచి అత్తగారు బియ్యం బస్తా మేడ మీదే పెట్టిస్తారు. ఆ రోజు నీళ్లు 15 దాటలేదు. అయినా నాకు టెన్షన్ తగ్గలేదు. పాప పత్రాలు, ఫోటోలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో పెట్టాను. కింద అత్తగారు నిశ్చింతగా చంపొరాదో చేద్దాం రమ్మన్నారు. జిగురు బియ్యం జావలా ఉడికించి కోకో కలిపి, పైన పాలు పోసుకునే తీపి వంటకం. పక్కన వేయించిన ఎండు చేప. తీపి జావతో ఎండు చేపేమిటని నేను ఏనాడూ ముట్టలేదు. ఆ రోజు తిన్నాను. చల్లటి వానలో, వేడి జావ తీపికి ఆ ఉప్పు తగలడం బాగుంది. చిన్నప్పుడు మీ అమ్మ చేప తలకాయ ఎవరికీ ఇచ్చేది కాదని అత్తగారు చెబుతుంటే పాప అడిగి అడిగి మళ్లీ చెప్పించుకుంది.

బయటికి వెళ్లడం నాకు వంట కన్నా కష్టమైంది. ఎక్కడికి వెళ్లినా అమ్మలు కనిపిస్తారు. మొదటి రెండు నెలలు పాపను ఇంటి దగ్గరే తిప్పాను. చివరికి ఒక ఆదివారం మనీలాలోని రిజాల్ పార్కుకు బయలుదేరాం. ముందు రోజు రాత్రే అదోబో వండి పెట్టుకున్నాను. వెనిగర్ వల్ల మధ్యాహ్నం దాకా పాడవదు, మనం ప్రయాణానికి పులిహోర కట్టుకున్నట్టు. బయలుదేరే ముందు పాప వాళ్ల లోలా, అంటే అమ్మమ్మ, చేతిని అందుకుని నుదుటికి ఆనించుకుంది. పెద్దల దీవెన అడిగే పద్ధతి అది.

జీప్నీ అంటే ఇక్కడ అందరూ కలిసి ఎక్కే బండి. అందులో చార్జీ ఒకరి చేతిలోంచి ఒకరికి అందుకుంటూ డ్రైవర్ దాకా వెళ్తుంది. వెనక ఆవిడ ఇచ్చిన చిల్లరను పాప రెండు చేతులతో అందుకుని "బాయద్ పో" అని ముందుకు అందించింది. బాయద్ అంటే చార్జీ, పో అంటే మన అండి. అంతకుముందు ఆ పని వాళ్లమ్మ ఒళ్లో కూర్చుని చూసేది. సాంతోలాన్‌లో రైలు ఎక్కి, రెక్తోలో దిగి రైలు మారి, యునైటెడ్ నేషన్స్ స్టేషన్‌లో దిగాం. పార్కులో నేషనల్ మ్యూజియం వారి ప్రకృతి చరిత్ర మ్యూజియం ఉంది. 2018లో తెరిచారు, ప్రవేశం ఉచితం. అక్కడ లోలోంగ్ అనే మొసలి అస్థిపంజరం చూశాం. 2011లో అగుసాన్‌లో పట్టుకున్నారు, బతికుండగా 6.17 మీటర్ల పొడవు. పాప దాని పక్కనే అడుగులు వేస్తూ తలనుంచి తోకదాకా రెండుసార్లు నడిచింది. తర్వాత పచ్చిక మీద చాప పరుచుకున్నాం. చుట్టూ కుటుంబాలే, అందరి ముందూ డబ్బాలే. మా పక్కన కూర్చున్న పెద్దావిడ "తినండి" అని తమ నూడుల్స్ అందించింది, మేం అదోబో ఇచ్చాం. ఆవిడ ఒక ముక్క తిని, వాళ్లమ్మ బాగా వండిందని పాపతో అంది. "మా నాన్న వండాడు పో" అని పాప చెప్పింది. మామా ఎక్కడ అని అడిగితే, "రియాద్‌లో నర్సు, సెలవు మీద వస్తుంది" అంది. గొంతు వణకలేదు. ఆ తర్వాత అన్నం మొత్తం తినేసింది.

ఇంకా పది నెలల కాంట్రాక్ట్ మిగిలింది. ఈ రోజు గురువారం. మా అత్తగారింట్లో శుక్రవారం పెసలు వండుతారు. ఈస్టర్ ముందు రోజుల్లో మాంసం మానే అలవాటు, చాలా ఇళ్లలో ఏడాది పొడవునా నిలిచిపోయింది. వెల్లుల్లి, ఉల్లి, టమాటా వేయించి, ఉడికిన పెసలు పోసి, చివర్లో మునగాకు. అత్తగారు పెసలు నానబెట్టరు. నేను మాత్రం మా అమ్మలాగా రాత్రే నానబెడతాను. త్వరగా ఉడుకుతున్నాయని ఈ ఒక్క మార్పుకు ఆవిడ ఒప్పుకున్నారు. గిన్నెలో నీళ్లు పోసి మూత పెట్టి వచ్చేసరికి, పాప వాళ్లమ్మకు మెసేజ్ రికార్డు చేస్తోంది, రేపటి బావోన్‌లో ఏముందో చెబుతూ.