న్యూరాలజీ బిట్లు: జబ్బు పేరు తర్వాత, ముందు చోటు పట్టుకోండి

నీట్ పీజీకి చదివేవాళ్ళలో చాలామంది న్యూరాలజీని చివరికి నెట్టేస్తారు. సిండ్రోముల పేర్లు ఎక్కువ, చదివినా గుర్తుండవని భయం. ఒప్పుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1 ఉన్న పరీక్షలో ఆ టెన్షన్ సహజమే. కానీ ఈ సబ్జెక్టును గట్టెక్కించేది పేర్లు కాదని నా గట్టి నమ్మకం. ప్రతి కేసులోనూ నేను మూడు ప్రశ్నలు ఒకే వరుసలో వేసుకునేదాన్ని. దెబ్బ ఎక్కడ? ఎంత వేగంగా వచ్చింది? ఈ వయసు మనిషికి, ఆ చోట, ఆ వేగంతో వచ్చేది ఏది? ఆప్షన్లు చూడాల్సింది ఆ తర్వాతే.

టోసిస్ సంగతి చూడండి. రెప్ప వాలిందని చదవగానే ప్యూపిల్ (కంటిపాప) గురించి ఏం రాశారో వెతకండి. ప్యూపిల్ పెద్దదై, కన్ను కిందికీ బయటికీ తిరిగి ఉంటే మూడో నరాన్ని (మెదడు నుంచి నేరుగా వచ్చే పన్నెండు జతల నరాల్లో మూడోది, కన్నును కదిపేది) ఏదో బయటి నుంచి నొక్కుతోందని అనుమానించాలి. ప్యూపిల్‌కు వెళ్ళే పారాసింపథెటిక్ పోగులు ఆ నరం పైపొరలో ఉంటాయి కాబట్టి ఒత్తిడి ముందు వాటికే తగులుతుంది. తోడుగా తలనొప్పి కూడా ఉంటే పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ ఆర్టరీ ఎన్యూరిజం (మెదడు రక్తనాళంలో ఉబ్బు) గుర్తుకు రావాలి. షుగర్ పేషెంట్లలో దెబ్బతినేది నరం లోపలి భాగం, అందుకే ప్యూపిల్ చాలావరకు మామూలుగానే ఉంటుంది. ప్యూపిల్ చిన్నదై రెప్ప కాస్త మాత్రమే వాలితే హార్నర్స్ (కంటికి వెళ్ళే సింపథెటిక్ నరాల దారి దెబ్బతినడం). పొగతాగే మనిషికి భుజం నొప్పి కూడా ఉందంటే పాన్‌కోస్ట్ ట్యూమర్ (ఊపిరితిత్తి పైకొసన వచ్చే క్యాన్సర్) కోసం ఛాతీ ఎక్స్‌రే చూడాలి. ప్యూపిల్ బాగానే ఉండి, పొద్దున తేలిగ్గా, సాయంత్రానికి ఎక్కువగా రెప్పలు వాలుతుంటే మయస్తీనియా (నరం కండరంతో కలిసే చోట వచ్చే జబ్బు).

వానాకాలంలో క్యాజువాల్టీ డ్యూటీ చేసినవాళ్ళు ఇంకో రకం టోసిస్ చూసే ఉంటారు. రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతులతో లేస్తాడు. కాసేపటికి రెండు రెప్పలూ వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మంచినీళ్ళు మింగుడుపడవు. ఇంటర్న్‌షిప్‌లో మా దగ్గరికి అలా వచ్చిన ఒకాయనకు ఒంటి మీద కాటు గుర్తు లేదు, వాపూ లేదు. ఇంట్లోవాళ్ళు పక్షవాతం అనుకున్నారు. డ్యూటీలో ఉన్న పీజీ అక్క ఆయన్ని దిండు మీంచి తల ఎత్తమంది, ఎత్తలేకపోయాడు. ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమంటే కాసిన్నికే ఆగిపోయాడు. స్పృహ పూర్తిగా ఉంది, బలహీనత రెండు వైపులా సమానంగా ఉంది, పైనుంచి కిందికి దిగుతోంది. అంటే దెబ్బ మెదడులో లేదు, నరం కండరంతో కలిసే చోట ఉంది. కట్లపాము విషం పనిచేసేది అక్కడే. అది ప్రధానంగా ప్రీసినాప్టిక్ (నరం చివరనే దెబ్బతీసేది) కాబట్టి నాగుపాము కాటులో పనిచేసినట్టు నియోస్టిగ్మిన్ మందు ఇక్కడ అంతగా పనిచేయదు. యాంటీవీనం ఇవ్వాలి, ఊపిరి తగ్గుతుంటే వెంటిలేటర్ పెట్టాలి. ముదిరాక ప్యూపిల్స్ పెద్దవై వెలుగుకు స్పందించకపోవచ్చు. అది చూసి బ్రెయిన్ డెత్ అనుకుంటే కోలుకోగలిగే మనిషిని చేజేతులా వదిలేసినట్టే. ఈ ఒక్క విషయం పరీక్ష అయిపోయాక కూడా మర్చిపోకండి.

మూతి వంకర పోయిన కేసులో నుదురు చూడండి. నుదుటి మీద ముడతలు పడుతుంటే దెబ్బ పైన మెదడులో, అంటే స్ట్రోక్ లాంటిది. సగం ముఖమంతా కదలకపోతే ఏడో నరమే. చెవిలో నీటి పొక్కులు కూడా ఉంటే రామ్సే హంట్ (ఆ నరానికి హెర్పిస్ జోస్టర్ సోకడం).

బ్రెయిన్‌స్టెమ్‌కు (మెదడు కింది కాండం; పైనుంచి మిడ్‌బ్రెయిన్, పాన్స్, మెడుల్లా) నరాల అంకెలే దారి చూపిస్తాయి. మూడు, నాలుగు మిడ్‌బ్రెయిన్‌లో, ఐదు నుంచి ఎనిమిది పాన్స్‌లో, తొమ్మిది నుంచి పన్నెండు మెడుల్లాలో. ఒక వైపు మూడో నరం, రెండో వైపు కాలూ చెయ్యీ పడిపోతే వెబర్ అని పేరు గుర్తులేకపోయినా మిడ్‌బ్రెయిన్ అని తేల్చేయొచ్చు.

మూడు, నాలుగు, ఆరు కలిసి దెబ్బతిని, నుదురు మొద్దుబారిందంటే కావెర్నస్ సైనస్ (కంటి వెనక, పుర్రె అడుగున ఉండే సిరల గది) గుర్తుకు రావాలి. 2021లో కోవిడ్ రెండో వేవ్ తర్వాత కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ పేషెంట్లతో నిండిపోవడం మనందరికీ గుర్తే. షుగర్, స్టెరాయిడ్లు, ముక్కులో నల్లటి పొర, కదలని కన్ను ఒకే కేసులో కనిపిస్తే మ్యూకర్, అంటే ఆ బ్లాక్ ఫంగసే. బయాప్సీ రిపోర్టు కోసం ఆగకుండా ఫంగస్ మందు యాంఫోటెరిసిన్ మొదలుపెట్టాలి.

ఇక వేగం. క్షణాల్లో తారస్థాయికి చేరిన తలనొప్పి సబ్‌అరాక్నాయిడ్ రక్తస్రావం (మెదడు పొరల మధ్య) కావచ్చు, ముందు సీటీ. కొన్ని వారాలుగా జ్వరం, తలనొప్పి, ఆపైన మత్తుగా ఉంటే మన దగ్గర టీబీ మెనింజైటిస్. హెల్మెట్ లేకుండా పడి, లేచి మాట్లాడి, మళ్ళీ స్పృహ తప్పితే ఎక్స్‌ట్రాడ్యూరల్ రక్తస్రావం (పుర్రెకూ మెదడు పైపొరకూ మధ్య).

ఈ పద్ధతి నప్పనిది ఆరో నరం దగ్గర. తలలో ఒత్తిడి ఎక్కడ పెరిగినా అది దెబ్బతినొచ్చు. అందుకే కన్ను బయటికి తిరగడం లేదని రాస్తే వెంటనే పాన్స్ అని పెట్టేయకండి. ఫండస్‌లో (కంటి లోపలి వెనక గోడ) పాపిలెడీమా (తలలో ఒత్తిడితో కంటి నరం మొదలు ఉబ్బడం) అని ఎక్కడైనా రాశారేమో చూసి అప్పుడు చోటు తేల్చండి.