స్టైన్‌హౌజెన్ చర్చిలో ఉడుత

దక్షిణ జర్మనీలో ఉల్మ్ నుంచి ఫ్రీడ్రిక్స్‌హాఫెన్ వైపు వెళ్ళే రైలెక్కి బాడ్ షుసెన్‌రీడ్‌లో దిగాం. స్టైన్‌హౌజెన్ అక్కడికి దగ్గరే. పొలాల మధ్య చిన్న పల్లె, దానితో ఏమాత్రం పొంతన లేనంత పెద్ద చర్చి. ప్రపంచంలోకెల్లా అందమైన పల్లెటూరి చర్చి ఇదేనంటారు. ఏ ఊరి గొప్ప ఆ ఊరు చెప్పుకుంటుందిలే అనుకుంటూనే లోపలికెళ్ళాను.

అండాకారపు హాలు. ఆ వంపు వెంబడే నిలిచిన పది తెల్లటి స్తంభాలు పైకప్పును మోస్తున్నాయి. స్తంభాలకీ బయటి గోడకీ మధ్య నడవా ఉంది. మనవాళ్ళయితే తెలియకుండానే ప్రదక్షిణ మొదలెడతారు, నేనూ అదే చేశాను. చనిపోయిన యేసును ఒడిలో పెట్టుకున్న మరియమ్మ విగ్రహం 15వ శతాబ్దం నుంచి ఇక్కడికి యాత్రికులను రప్పిస్తోంది. పల్లెకు ఇంత కట్టడం ఎందుకో అప్పుడర్థమైంది.

పని 1728లో మొదలైంది. కట్టించింది షుసెన్‌రీడ్ మఠాధిపతి డిడాకస్ ష్ట్రోబెలె. కట్టిన డొమినికుస్ త్సిమ్మర్‌మాన్ మొదట గారపని మేస్త్రీ. పైకప్పు బొమ్మలు ఆయన అన్న యొహాన్ బాప్టిస్ట్‌వి. పని ఇంటివాళ్ళ చేతుల్లోనే ఉండబట్టేమో, గార ఎక్కడ ఆగిందో రంగు ఎక్కడ మొదలైందో కింద నుంచి పోల్చుకోలేం. మధ్యలో పరలోకానికి వెళ్తున్న మరియమ్మ, చుట్టూ అంచున నాలుగు ఖండాల జనం. అప్పటి యూరప్ లెక్కలో ఖండాలు నాలుగే! ఒక కొసన ఆదాము హవ్వల తోట, ఎదురు కొసన ఫౌంటెన్‌తో తీర్చిదిద్దిన ఉద్యానవనం.

మెడ నొప్పెట్టి చూపు దించితే అసలు సరదా అక్కడుంది. కిటికీల చుట్టూ గారతో చేసిన పూలు, ఆకులు, వాటి మధ్య ఒక ఉడుత, ఒక వడ్రంగిపిట్ట, ఏవేవో పురుగులు. దేవదూతల కంటే వీటి దగ్గరే నేను ఎక్కువసేపు నిలబడ్డాను. పక్కనే ఓ జర్మన్ తాతగారు మనవరాలితో కలిసి వాటిని వెతుకుతున్నారు. నాకు కనబడని రెండు ఆ పిల్లే చూపించింది.

ఈ సరదాకి మూల్యం చెల్లించింది మాత్రం మఠాధిపతి. ఖర్చు మొదటి అంచనాకు ఎన్నో రెట్లయింది. 1733లో చర్చి పూర్తయింది, ఆయన పదవి పోయింది. మఠం అప్పుల్లో పడుతుంటే ఉడుతలు చెక్కించాడని తోటి సన్యాసులు మండిపడి ఉంటారు, తప్పు పట్టలేం.

1745లో ఇదే అన్నదమ్ములు బవేరియాలోని వీస్‌లో మరో అండాకారపు చర్చి మొదలుపెట్టారు. యునెస్కో గుర్తింపు దానికే దక్కింది, బస్సులన్నీ అటే పోతాయి. రెండూ చూసిన నా ఓటు స్టైన్‌హౌజెన్‌కే. వీస్‌లో అలంకారం మీద పడుతున్నట్టుంటుంది, ఇక్కడ తెలుపు ఎక్కువ, ఊపిరాడుతుంది. వెళ్ళేవాళ్ళు చిన్న బైనాక్యులర్ ఒకటి పట్టుకెళ్ళండి.